ఏడో మలుపులో వెనక చక్రాలు

ఫైనల్ రేసు ఇంకో రెండు గంటల్లో ఉందనగా, తన బగ్గీ వెనక స్క్రూల మీదున్న నెయిల్ పాలిష్ చుక్కలు తాను పెట్టినవి కావని ఆమె కనిపెట్టింది.

రంగు అదే, ముదురు ఎరుపు. స్క్రూలూ అవే నాలుగు. కానీ ఆమె చుక్క పెడితే ఆవగింజంత ఉంటుంది. స్క్రూ తల అంచునూ పక్కనున్న ప్లాస్టిక్‌నూ కలుపుతూ ఒక్క చుక్క, అంతే. ఎవరైనా స్క్రూ తిప్పితే ఆ చుక్క రెండుగా చీలిపోతుంది. ఇప్పుడున్నవి చుక్కలు కావు. గోడకు సున్నం కొట్టినట్టు స్క్రూ తల మొత్తం పూసేశారెవరో.

ఆమె మెల్లగా తలెత్తి చుట్టూ చూసింది.

ట్రాక్ ఉన్న గోదాములో ఎవరి గోలలో వాళ్లున్నారు. ఇరవై బల్లలు, ఇరవై దీపాలు, ఇరవై బగ్గీలు. పైన రేకుల మీద వాన పేలాలు వేయిస్తోంది. అందరూ మామూలుగానే ఉన్నారు. అందుకే ఆమెకు అందరూ దొంగల్లాగే కనిపించారు.

బగ్గీ అంటే మూరెడు పొడవున్న రేసు బండి. బ్యాటరీతో పరుగెత్తుతుంది, మట్టి దిబ్బల మీంచి గాల్లోకి లేస్తుంది. నడిపేవాళ్లు ఎత్తయిన అరుగు మీద నిలబడి రిమోట్ తిప్పుతుంటారు. బయటివాళ్లకు అది పిల్లలాట. ఆ ఇరవై మందికి మాత్రం సోమవారం నుంచి శనివారం దాకా రోజులు ఎలాగో గడపాల్సినవి, ఆదివారం ఒక్కటే బతకాల్సింది.

ఆమె పోటీపడేది 'సొంత చేతుల క్లాస్'లో. పేరులోనే రూలుంది. బండి ఎవరిదో బిగింపూ వాళ్లదే. ఇంకొకరి చెయ్యి పడకూడదు, సలహా కూడా చెవిన పడకూడదు. పడిందా, బండి ఇంటికే. చెయ్యి పడలేదని గుర్తుగా ఎవరి స్క్రూల మీద వాళ్లు తమ రంగు చుక్క పెట్టుకుంటారు.

మూడేళ్లుగా ఆమె ఫైనల్‌కు చేరాలని చూస్తోంది. మూడేళ్లుగా ఏడో మలుపు ఆమెను చేరనివ్వలేదు. సరిగ్గా అక్కడికి రాగానే బగ్గీ వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి. ముందు భాగం బుద్ధిగా మలుపు తిరుగుతుంటే, వెనక భాగం అలిగి పక్కకు వెళ్లిపోతుంది. గిర్రున ఒక చుట్టు. ఆమె అదృష్టం మరీ బాగుంటే రెండు. ట్రాక్‌లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బొంగరం అంటారు.

పోయిన ఆదివారం పోటీల్లో, మొదటిసారిగా, పదిమంది ఫైనల్‌లో ఎనిమిదో చోటు దొరికింది. అది కూడా ముందున్న ముగ్గురూ ఒకరినొకరు గుద్దుకోబట్టి. ఒక్కసారైనా ఫైనల్ మొత్తం తిరగాలి, ఏడో మలుపులో ఒక్కసారి కూడా తిరక్కూడదు. ఆమె కోరిక అంతే.

ఇప్పుడు ఎవరో బండి విప్పారు.

"వార్మప్! అయిదు నిమిషాలే! టీ గ్లాసులు కింద పెట్టండి, రిమోట్లు పట్టుకోండి!" మైకు అరిచింది. నిజానికి అరిచింది క్లబ్బు కార్యదర్శి. కానీ చేతిలో మైకు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు కాబట్టి ఆయన పేరే మైకు.

ఏం చేసుంటారు? తీగ కోశారా? చక్రం వదులు చేశారా? ఆమె అరుగెక్కి, బండిని నడకలా పోనిచ్చింది. ఏమీ ఊడిపోలేదు. కొంచెం వేగం పెంచింది. ఏమీ కాలేదు. ఇక తెగించి నొక్కింది.

మూడు. నాలుగు. అయిదో మలుపు కాస్త వెడల్పుగా తీసుకుంది. ఆరు. ఏడు...

బగ్గీ తిరగలేదు. వెనక చక్రాలు నేలను కరుచుకుని, గీత గీసినట్టు మలుపు దాటేశాయి.

ఏడో మలుపు దగ్గర, పడిపోయిన బండ్లను లేపి నిలబెట్టే పనిలో ఉన్న నాన్న, నారింజ రంగు జాకెట్లో ఎగిరి గంతేశాడు. నలభై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన అంత ఎత్తు ఎగరగలడని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఆమె మాత్రం నవ్వలేదు.

వాళ్లెవరో తన బండిని పాడు చెయ్యలేదు. బాగు చేశారు.

బల్ల దగ్గరికొచ్చి పై తొడుగు తీసింది. బ్యాటరీ తానుంచిన చోట లేదు. రెండు వేళ్ల మందం వెనక్కి జరిగింది. మళ్లీ ముందుకు జారకుండా స్పాంజి ముక్క ఒకటి, స్పాంజి చాలక మడతపెట్టిన కాగితం ఒకటి. కాగితం విప్పింది. చిన్న చీటీ. 'వెనక 64, ముందు 36.'

ఆ నాలుగును ఆమె ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపడుతుంది. తిరగేసిన కుర్చీలా ఉంటుంది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం తన తనిఖీ కాగితం మీద అదే నాలుగు.

ఆమె చీటీ పట్టుకుని తనిఖీ బల్ల వైపు నడిచింది.

అక్కడ తనిఖీ చేసే అతని అసలు పని త్రాసులు బాగుచెయ్యడం. కూరగాయల కొట్టు త్రాసు నుంచి మందుల షాపు త్రాసు దాకా అతని చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఆదివారాలు మాత్రం ట్రాక్‌లో బండ్ల బరువు, పొడవు, వెడల్పు చూసి పంపిస్తాడు. అందరూ కొలబద్ద అంటారు. పిలిస్తే పలుకుతాడు కూడా.

మూడేళ్ల క్రితం వాళ్లిద్దరి మొదటి మాటలే గొడవ.

"మీ బండి నాలుగు గ్రాములు తక్కువుందండీ."

"నాలుగు గ్రాములా? ఈగ వాలితే సరిపోతుంది కదా!"

"ఆ ఈగ రేసు అయ్యేదాకా కదలదని మీరు రాసిస్తే ఒప్పుకుంటాను."

ఆమె కళ్లజోళ్ల షాపులో అద్దాలు అమర్చే మనిషి. సంచిలో వెతికి, పగిలిన అద్దం ముక్క తీసి టేపుతో అంటించింది. "అద్దం పనికొస్తుందా? దీనికీ ఏమైనా రూలుందా?"

"అద్దమైనా ఇనుమైనా గ్రాము గ్రామేనండీ." తూచాడు. రాశాడు. నవ్వకుండా అన్నాడు, "ఇకనుంచి మీ బండికి చూపు కూడా బాగుంటుంది."

ఆమెకు ఆ జోకు సాయంత్రం ఇంటికెళ్లాక అర్థమైంది. ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. తర్వాతి ఆదివారం టీకి పిలిచింది. "రేసులో ఉన్నవాళ్లతో తాగనండీ, తప్పుగా అనుకోకండి" అన్నాడు. తప్పుగానే అనుకుంది. అయినా ప్రతి ఆదివారం తనిఖీ క్యూలో అందరికంటే ముందు ఆమే నిలబడేది. బండి త్వరగా చూపించుకోవడానికేనని తనకు తాను చెప్పుకునేది.

ఇప్పుడా చీటీని అతని ముందు పెట్టింది.

"ఈ రాత ఎవరిది?"

అతను చూశాడు. చేతిలో ఉన్న టైరు బల్ల మీదకు జారింది.

"నాదేనండీ."

"ఇది నా బ్యాటరీ వెనక్కి ఎలా వచ్చింది?"

అతను చీటీని అటూ ఇటూ తిప్పాడు. ఒక్క క్షణం ఆమె భుజం మీదుగా ట్రాక్ వైపు చూశాడు. మొహంలో ఏదో తెలిసొచ్చిన రంగు. వెంటనే చూపు దించేశాడు.

"రాత నాది. చెయ్యి నాది కాదు."

"మరెవరిది?"

"చెప్పను."

"అంటే తెలుసు."

"తెలుసనుకుంటున్నాను. అందుకే చెప్పను."

"ఆహా, ఎంత బాగా చెప్పారండీ! ఫ్రేము కట్టించి షాపులో పెట్టుకుంటాను." ఆమె బల్ల మీదకు వంగింది. "మూడేళ్లు. మూడేళ్లుగా అందరూ బొంగరం బొంగరం అంటుంటే, ఏదో ఒక రోజు నా చేత్తో నేనే దీన్ని దారికి తెస్తానని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎవరో వచ్చి పాపం అనుకుని సర్దేసి వెళ్లారు. దొంగతనం చేసినా ఇంత బాధ ఉండదు."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. కనిపించింది.

"ఇది ఎవరికి తెలుసు?" అడిగింది.

"మీకూ నాకూ."

"నేను నోరు మూసుకుని రేసుకు వెళ్తే?"

"నేను నోరు తెరవాల్సొస్తుందండీ."

"అంత శ్రమ మీకొద్దు. నేనే తెరుస్తున్నా. పుస్తకం తియ్యండి."

అతను పుస్తకం తీశాడు. గుండ్రటి అక్షరాల్లో రాశాడు: 'ఎనిమిదో బండి. వెనక భాగం మీద సొంతదారు చెయ్యి కాని చెయ్యి పడింది. సొంతదారే వచ్చి చెప్పింది.' కాస్త ఆగి ఇంకో వాక్యం రాశాడు: 'లోపల దొరికిన చీటీలో రాత తనిఖీ చేసేవాడిది.' కింద సంతకం పెట్టాడు.

"ఆ రెండోది ఎందుకు? నేను రాయమనలేదుగా" అంది ఆమె.

"ఉన్నదే కదండీ."

మైకు వచ్చాడు, చదివాడు, తల పట్టుకున్నాడు. "ఒరేయ్ కొలబద్దా, అడిగినవాడు లేడు, ఆపినవాడు లేడు, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావేంట్రా! రేసయ్యాక నీ సంగతి కమిటీ చూస్తుంది." తర్వాత ఆమె వైపు తిరిగి మెత్తబడ్డాడు. "అమ్మాయ్, నువ్వే చెప్పావు కాబట్టి ఒక దారుంది. వెనక భాగం మొత్తం ఊడదీసి, తనిఖీ కళ్లముందు నువ్వే మళ్లీ బిగించాలి. నలభై నిమిషాలు. అందరికంటే వెనక, అయిదు సెకన్లు ఆలస్యంగా బయల్దేరతావు. ఇష్టమేనా?"

"అయిదు సెకన్లేనా? యాభై అయినా ఇష్టమే."

తనిఖీ బల్లకు అటు అతను, ఇటు ఆమె. మధ్యలో బగ్గీ. అతను ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు, చూపు మరల్చకూడదు.

ఆమె మొదటి స్క్రూ తీసి తలెత్తేసరికి, ఎదురుగా నల్ల కళ్లద్దాలు, ముక్కూ నోరూ మూసేసిన దుమ్ము మాస్కు.

"ఏంటా వేషం? బ్యాంకుకేమైనా వెళ్తున్నారా?"

"నా మొహం లోపలున్నదంతా బయటపెట్టేస్తుందండీ. పేకాటలో మా అమ్మ కూడా నన్ను జతకు తీసుకోదు. నా మొహం చూసి మీరేమైనా కనుక్కుంటే అది సలహా కిందికొస్తుంది."

"అంటే, కనుక్కోవడానికి ఏదో ఉందన్నమాట."

"...నేను మాట్లాడకూడదండీ" అన్నాడు మాస్కు వెనక నుంచి. పుస్తకం దగ్గరికి లాక్కుని, ఏదో రాసుకున్నాడు.

"అదేంటి?"

"ఇప్పుడు నోరు జారానని."

కోపంగా ఉండాలని ఆమె గట్టిగా నిర్ణయించుకుంది. పెదవులు మాట వినలేదు. తల వంచి పనిలో పడింది.

బ్యాటరీని పాత చోటుకు తెచ్చింది. స్పాంజి పారేసింది. అది వెనక్కి జరిగితే వెనక బరువు పెరిగి పట్టొస్తుంది, నిజమే. కానీ ముందు చక్రాలు తేలిపోతాయి. వార్మప్‌లో అయిదో మలుపు వెడల్పుగా పోయింది అందుకే. ఆ బిగింపుతో ఒక మలుపు గెలిచి మిగతా పది ఓడిపోవచ్చు.

కుదుపులు మింగే వెనక షాకులు రెండూ ఊడదీసింది. ఇన్నాళ్లూ వాటిలో నూనె మార్చి చూసింది, స్ప్రింగులు మార్చింది, టైర్లు మెత్తవి వేసింది, గట్టివి వేసింది. ఏం వేసినా ఏడో మలుపు ఏడో మలుపే. ఇరవై నిమిషాలు అయిపోయాయి. కొత్తగా ఏమీ తోచలేదు.

వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే ప్లాస్టిక్ చెయ్యి ఉంటుంది. ఆర్మ్ అంటారు. అడ్డం వస్తోందని దాన్ని వేలితో పైకెత్తి, నూనె సీసా కోసం పక్కకు తిరిగింది. సీసా తీసుకుని ఇటు తిరిగింది.

ఆర్మ్ గాల్లో అలాగే ఉంది.

ఆమె ఆగిపోయింది.

రెండో వైపు ఆర్మ్ ఎత్తి వదిలింది. అదీ అక్కడే నిలబడింది. ముందు ఆర్మ్ ఒకటి ఎత్తి వదిలింది. టప్‌మని కింద పడింది.

ముందువి కంపెనీ బిగించి పంపినవి. వెనకవి మూడేళ్ల క్రితం, మొదటి రేసులోనే విరిగితే, తాను బిగించినవి.

కళ్లజోళ్ల షాపులో పనికి చేరిన మొదటి రోజు యజమానురాలు నేర్పిన పాఠం ఒకటుంది. కళ్లజోడు కాడ తెరిచి వదిలితే ఎక్కడ వదిలావో అక్కడే ఆగాలి. లూజుగా ఊగిందా, మర్నాడే తిట్టుకుంటూ తిరిగొస్తారు. ఎనిమిదేళ్లుగా ఆమె వేళ్లు చేసే పని అదే. వదిలితే ఆగేలా బిగించడం. ఊళ్లో ఆమె బిగించిన కాడ ఒక్కటి కూడా ఊగదు.

బగ్గీకి కూడా అదే చేసింది. కళ్లజోడుకు మంచిదైన బిగింపు బగ్గీకి జబ్బు. గతుకు మీద చక్రం పైకి లేచాక ఆర్మ్ తన బరువుకు తానే కిందికి రావాలి. రాకుండా బిగుసుకుని ఉంటే, చక్రం నేలను వెతుక్కునేలోపే మలుపు అయిపోతుంది. ఇక పట్టెక్కడిది? ట్రాక్ మొత్తంలో మలుపు మధ్యలో గతుకులున్నది ఏడోదానిలోనే.

"మూడేళ్లుగా," అంది ఆమె నెమ్మదిగా, తనతో తానే, "నేను దీనికి కళ్లజోడు తొడిగాను."

ఎదురుగా మాస్కు లోపలికి పీల్చుకుపోయి, అలాగే ఉండిపోయింది.

ఆమె ఆర్మ్‌ను బండికి తగిలించే పిన్ను లాగేసింది. కళ్లజోడు రంధ్రాలకు వాడే సన్నటి ఆకురాయి తీసి, ఆర్మ్ రంధ్రంలో నాలుగు తిప్పులు తిప్పింది. పిన్ను పెట్టి ఎత్తి చూసింది. ఆగి, ఆగి, కిందికి వచ్చింది. చాలదు. ఇంకో రెండు తిప్పులు. ఎత్తింది. వదిలింది.

టప్.

మాస్కు ఒక్కసారిగా బయటికి ఉబ్బింది. నల్లద్దాల కింద నుంచి ఒక నీటి చుక్క జారి మాస్కు అంచు మీద ఆగింది. చెమటే అయ్యుంటుందని ఆమె అనుకోలేదు.

రెండో ఆర్మ్ కూడా అయ్యేసరికి మూడు నిమిషాలు మిగిలాయి. నాలుగు స్క్రూల మీద ఆవగింజంత చుక్కలు నాలుగు పెట్టి, ఊది ఆరబెట్టింది.

ఫైనల్ ఎనిమిది నిమిషాలు.

తొమ్మిది బండ్లు దుమ్ము రేపుకుంటూ పోయాక, అయిదు సెకన్లు లెక్కపెట్టి మైకు ఆమెను వదిలాడు. ఆ అయిదు సెకన్లు ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగాటివి. మొదటి చుట్టులో ఏడో మలుపు వస్తుంటే బొటనవేలు అలవాటు ప్రకారం వేగం తగ్గించబోయింది. ఆమె తగ్గనివ్వలేదు. బగ్గీ గతుకుల్లోకి దిగింది. వెనక చక్రాలు రెండూ ఒక్కో గతుకునూ తడుముకుంటూ, పిల్లి మెట్లు దిగినట్టు దిగి, అటువైపు తేలాయి.

రెండో చుట్టు. మూడో చుట్టు. ఏడో మలుపు దగ్గర నాన్న వంగడానికి సిద్ధంగా చేతులు చాచి నిలబడే ఉన్నాడు. ఆమె బండి కోసం మాత్రం ఒక్కసారి కూడా వంగాల్సిన పని పడలేదు. కానీ ఇప్పుడాయన గంతులెయ్యడం లేదు. జాకెట్ అంచు నలుపుకుంటూ నేలకేసి చూస్తున్నాడు.

"తొమ్మిది... ఏడు... ఆరు! బాబులూ, వెనక ఎవరొస్తున్నారో చూసుకోండి!" మైకు గొంతు వాన చప్పుడును కూడా మింగేసింది. "అయిదు! ఎవరయ్యా ఈ అమ్మాయిని బొంగరం అన్నది? నేనేనా? వెనక్కి తీసుకుంటున్నా!"

గంట మోగేసరికి నాలుగో స్థానం. కప్పులు మూడే ఉన్నాయి. ఆమె ఆ కప్పుల వైపు చూడను కూడా లేదు. రిమోట్ చంకలో పెట్టుకుని, అరుగు మీంచి రెండేసి మెట్లు దిగి, నేరుగా తనిఖీ బల్ల దగ్గరికి వెళ్లింది.

అతను మాస్కు తీసేశాడు. తనిఖీ జాకెట్ కూడా విప్పి, మడతపెట్టి, కమిటీకి ఇవ్వడానికి బల్ల మీద పెట్టాడు. మొహం నిజంగానే దేనికీ దాపరికం లేని మొహం. పండగలా ఉంది.

"మీరు కాదు" అంది ఆమె ఆయాసపడుతూ.

"ఎలా తెలుసు?"

"ప్రతి ఆదివారం బండి ఎత్తి చూస్తారు. ఆ ఆర్మ్ సంగతి మీకు మూడేళ్లుగా తెలుసు. మీరే చెయ్యి పెట్టుంటే ఆర్మ్ మీద పెట్టేవారు. బ్యాటరీ జరిపినవాళ్లకు అసలు జబ్బే తెలీదు."

"మీరు పోలీసుల్లో చేరాల్సిందండీ."

"మాట మార్చకండి. మూడేళ్లు చూస్తూ ఒక్క ముక్క చెప్పలేదు. రూలు కాబట్టేనా?"

"మొదట రూలే." అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకున్నాడు. "తర్వాత... మీ చేతులే కనుక్కుంటాయని. ఇంత ఆలస్యమవుతుందని మాత్రం అనుకోలేదు."

"ఏం, మీకేమైనా రైలు తప్పిపోతోందా?"

"ప్రతి ఆదివారం తప్పిపోతూనే ఉందండీ."

ఆమె చెవులు వేడెక్కాయి.

"ఇప్పుడైనా చెప్పండి" అంది, చూపు మరల్చుకుంటూ. "ఎవరు విప్పారు? మిమ్మల్ని కమిటీ ముందు నిలబెట్టి ఇప్పటిదాకా నోరు విప్పని ఆ మహానుభావుడు ఎవరు?"

"అది నేను చెప్పాల్సింది కాదండీ."

"నేను చెబుతాను."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. నారింజ రంగు జాకెట్లో నాన్న. చెమటతో తడిసిన తల. చేతిలో ఈల. పక్కనే మైకు, మొదటిసారిగా మైకు కిందికి దించి.

"నాన్నా?"

"నేనేనమ్మా చిన్నీ. నేనే విప్పాను. నిన్న నువ్వు షాపుకెళ్లగానే, మీ అమ్మ వంటింట్లో ఉండగా, పడగ్గది తలుపేసుకుని విప్పాను. స్క్రూలు మంచం కింద పడితే అరగంట పాకాను. ఆ పాలిష్ కూడా నేనే పూశాను. బస్సుకు తప్ప దేనికీ రంగు వేసి ఎరగను, అందుకే అలా తగలడింది. ముందే చెబుదామని పొద్దున్నుంచి మూడుసార్లు బయల్దేరాను. నువ్వు వెనక నుంచి బయల్దేరుతున్నావని మైకులో విన్నాక కాళ్లు రాలేదు. రేసు ముందు నీ చెయ్యి వణుకుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నా. అది కూడా అబద్ధమే, భయపడ్డాను.

ఈ అబ్బాయి తప్పేం లేదు. శుక్రవారం ఇతని షాపుకు నేనే వెళ్లాను. మా ఫ్రెండు మనవడి బొమ్మ కారు అని చెప్పి, బరువు వెనక్కి జరిపితే ఎంతవుతుందో లెక్క వేయించుకున్నా. బస్సులో వెనక సీట్లు నిండితే వానలో కూడా బండి జారదు కదా, అదే బుర్రలో తిరుగుతోంది. పాపం లెక్క వేసి చీటీ రాసిచ్చాడు. అది నీ బండికని తెలీదు. తెలిస్తే నా చెయ్యి పట్టుకుని బయటికి పంపేవాడు. మైకు బాబూ, ఈ ముక్క మీ పుస్తకంలో రాసుకోండి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. ఇకమీదట ఏడో మలుపు దగ్గర నన్ను నిలబెట్టొద్దన్నా సరే.

ఎందుకు చేశానంటావా? నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఒట్టు. ఆ రోజు లెక్క అయ్యాక టీ ఇప్పించాడు, మాటల్లో నేనే అడిగాను. ఏం బాబూ, మా అమ్మాయంటే నీకు ఇష్టమని నీ మొహమంతా రాసుంది, ఎందుకు అడగవూ అని. ఏమన్నాడో తెలుసా? ఆమె సొంతంగా ఏడో మలుపు దాటాక తనిఖీ పని మానేసి అడుగుతానంకుల్, ఈలోపు అడిగితే ఆమె దాటిన రోజున నేనే నేర్పానంటారు, ఆమె కష్టం మీద నా వేలిముద్ర పడకూడదు అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకపక్క ఇంత మంచి కుర్రాడు, ఇంకోపక్క ఏడో మలుపులో నువ్వు గిరగిరా తిరుగుతున్నావు. ఈ లెక్కన నాకు అల్లుడు ఎప్పుడొస్తాడే! కాస్త తొందరపెడదామనుకున్నా. తొందరపెట్టి మొత్తం పాడు చేయబోయాను. నువ్వు కాబట్టి నిలబెట్టుకున్నావు, నేను జరిపిందంతా పీకి పారేసి మరీ.

తప్పు నాది. ఏ శిక్ష వేస్తావో వెయ్యి, నెల రోజులు మాట్లాడకపోయినా పడతాను. కానీ నన్ను తిట్టడం కాస్త ఆగి చేద్దువు గానీ, ముందు ఇటు తిరుగు తల్లీ. జాకెట్ విప్పేశాడు, మలుపు దాటేశావు, ఆ అబ్బాయి ఏదో అడగబోతున్నాడు."